పాత మిషను ఆలస్యం

విశాఖపట్నం,
జనవరి 19.

ప్రభువునందు ప్రియమైన వదినకి,

ఏంజెలిన్ వందనాలు. ఈ కాలంలో ఉత్తరమేమిటి అనుకుంటున్నావేమో. ల్యాబ్ గేటు దగ్గర ఫోన్లు తీసుకుని పెట్టెలో వేసేస్తున్నారు. గదికొచ్చి చేస్తే మీ కొండ మీద టవరు ఉండదు. ఒకవేళ కలిసినా నువ్వు "తిన్నావా, ఉన్నావా" అని రెండు మాటలని ఫోను అన్నయ్య చేతికిచ్చేస్తావు. ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచి నాతో ల్యాబ్ ఊసే ఎత్తలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నాకు నీ సాయం కావాలి. అరకు యూనిట్ మూసేసి పాత మిషనునీ నన్నూ ఇక్కడికి తెచ్చారు. నువ్వు అక్కడ పాత మిషను మీద తయారుచేసిన పద్ధతి ఉంది కదా, కాఫీ గింజలో బూజు విషం పట్టుకునేది, దాన్ని ఇక్కడ కొత్త మిషను మీదికి మార్చే పని భాస్కర్ గారు నాకు అప్పగించారు. నీ కాలమ్ గొట్టం జానెడు పైన పొడవు, చూపుడు వేలు లావు. కొత్తది నా అరచేతిలో ఇమిడిపోతుంది, పెన్సిల్ కంటే సన్నం లోపలి రంధ్రం. పాతదానిలో అరగంట పట్టిన పరీక్ష ఇందులో చాయ్ తాగి వచ్చేలోపు అయిపోతుందట. అయిపోవడం సరే, అదే జవాబు రావాలి కదా.

ఇంకో సంగతి. ఈ ఏడు మన పనసగూడ సొసైటీ కాఫీని విదేశీ కంపెనీ వాళ్లు కొంటామన్నారు. మన ల్యాబ్ రిపోర్టు బాగుంటేనే మూటలు కదులుతాయి. ఊరంతటి పంట ఇదొక్కటే. నా చేతి మీదుగా తప్పు జరిగితే అమ్మకి మొహం చూపించలేను.

ఏమేమి ఎంతెంత కుదించాలో రాస్తావు కదూ?

నీ ఆడపడుచు,
ఏంజెలిన్


పనసగూడ, అరకులోయ,
ఫిబ్రవరి 2.

ప్రియమైన ఏంజెలిన్‌కి,

వదిన దీవెనలు. మీ అన్నయ్య మోసెస్ పండు ఏరి ఏరి నడుం పట్టుకుని మంచమెక్కాడు. అత్త మాత్రం ఎండ ఉన్నంతసేపూ వెదురు మంచెల దగ్గరే. గింజ తిరగేస్తూ, కోళ్లని తిడుతూ, మధ్యలో నన్నూ తిడుతూ బాగానే ఉంది.

భాస్కర్ గారు అని ఎంత ముచ్చటగా రాశావు. ఆ "గారు" నా చేతికి రాదు తల్లీ, ఏమీ అనుకోకు. మూడు పంటలు ఆ పద్ధతి మీద కూర్చున్నాను. కళ్లు గుంటలు పడ్డాయి. ఆ పెద్దమనిషి హైదరాబాద్ మీటింగులో దాన్ని తన పేరు మీద చదివి శాలువా కప్పించుకున్నాడు. ఇది నాది కదా అని అడిగినందుకు, నేను కంప్యూటర్లో గీత మీద కొండల్లా లేచే పీకుల అడుగు గీతలు చేత్తో గీసి లెక్కలు మార్చానని విచారణ పెట్టి బయటికి గెంటాడు. ఆ తర్వాత అరకు సంతలో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే నా వెనకే అన్నారు, "దొంగ లెక్కలు రాసింది ఈవిడేనంట" అని. అన్నది ఎవరో తిరిగి చూడలేదు. ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. వాడు అలాంటి మాట ఒకటి వినేదాకా అది బయటికి పోదు.

నీ ప్రశ్న వేరనుకో. నీకు చెప్పక ఇంకెవరికి చెబుతాను?

గొట్టం సన్నబడింది కాబట్టి అడ్డకొలత వర్గం ప్రకారం పంపు వేగం తగ్గించుకో. లోపలి చోటు మొత్తం పన్నెండో వంతుకి పడిపోయింది, కాబట్టి లోపలికి కొట్టే నమూనా ఇంజెక్షను కూడా పన్నెండో వంతే. పాత అలవాటు కొద్దీ ఇరవై మైక్రోలీటర్లు కొట్టావంటే పీకులన్నీ ఉబ్బిపోయి ఒకదాని మీద ఒకటి పడతాయి. గొట్టం పొట్టిదైందని బెంగపడకు. లోపలి పొడి మెత్తనిది, విడదీసే సత్తా దాదాపు అంతే ఉంటుంది. ఇక గ్రేడియంట్. నీళ్లలో ద్రావకం పాళ్లు పెంచుకుంటూ పోతాం చూడు, ఆ మెట్లు ఒక్కొక్కటీ గొట్టం చోటుని బట్టి కుదించు. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఏదీ వదలొద్దు.

ఈ మూడూ సరిచూసుకుంటే పాతదీ కొత్తదీ ఒకటే. ఇంకేమీ లేదు.

నీ వదిన,
కృపావతి


విశాఖపట్నం,
మార్చి 12.

ప్రియమైన వదినకి,

వందనాలు. నువ్వు రాసినట్టే చేశాను. శుద్ధమైన విషం ద్రావణం ఒక్కదాన్నే ఎక్కిస్తే, పీకు సన్నగా, నిటారుగా, ఉండాల్సిన చోటే నిలబడింది. భాస్కర్ గారు అందరినీ పిలిచి చూపించారు. పద్ధతి మార్పిడి పూర్తయిందని ఆరోజే సంతకం చేసేశారు.

నాకు మనసొప్పక, "సార్, ఒకే కాఫీని పాత మిషనులోనూ కొత్తదానిలోనూ ఎక్కించి పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాను. "పాతది ఇనుప సామాను అమ్మా, స్టోరులో పడేయించాను. శుద్ధ ద్రావణం సరిపోయిందిగా, ఇంకా కాఫీతో చూసేదేముంది?" అన్నారు.

ఇప్పుడు చూడు. కొండ మీంచి వచ్చిన కాఫీ ఏది ఎక్కించినా విషం లేచే చోటే పీకు లేస్తోంది. అన్నింటిలోనూ విషం ఉందంటోంది మిషను. మొట్టమొదట ఫెయిలైంది మన పనసగూడదే. కంపెనీ వాళ్లు మళ్లీ పరీక్ష తేలేదాకా కదపొద్దని సొసైటీ షెడ్డులో మూటలకి సీళ్లు వేశారు.

"కొండోళ్లకి ఆరబెట్టడం ఎక్కడొచ్చు, పేడ నేల మీద పోసేస్తారు" అని భాస్కర్ గారు అందరి ముందూ అన్నారు. నేనూ ఆ కొండదాన్నే అని ఆయనకి గుర్తు లేదో, గుర్తుండే అన్నారో. అమ్మ గింజ నేలకి తగలనివ్వదని నాకు తెలుసు. నాకు ఈ పీకు మీద నమ్మకం లేదు వదినా.

పాత మిషను సంగతి ఇంకేమైనా ఉందా? బాగా ఆలోచించి రాయి.

ఏంజెలిన్


పనసగూడ,
మార్చి 25.

ప్రియమైన ఏంజెలిన్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఫెయిలైంది అన్న చోట నాకు నవ్వొచ్చిందంటే నమ్ముతావా? కాఫీ బాగుందని నాకు తెలుసు కాబట్టి వచ్చింది. ఎంత గొప్ప శాస్త్రవేత్త చూడు, శుద్ధ ద్రావణం చూసి శుభం పలికేశాడు. కాఫీని కాఫీతోనే కదా చూడాలి.

నువ్వు కాలమ్ వేడి ఒకసారి చూసుకో. నీళ్లలో కలిపే యాసిడ్ పాళ్లు చూసుకో. నమూనా వడకట్టే ఫిల్టరు వేరే రకం వాడుతున్నారేమో కనుక్కో. తొందరపడకు.

ఇక్కడ ఊరు ఉడికిపోతోంది. అత్త షెడ్డు ముందు బైఠాయించి సీళ్ల వంక చూస్తూ ఒకటే గొణుగుడు. "మన కాపీలో బూజేటే? ఎండకి నేనే ఎండిపోనాను గానీ గింజని తడవనిచ్చానా? ఆ మిసనుకి కళ్లు నేవు, దాన్ని సూసేవోడికీ నేవు" అంటుంది. ఆ మాట ఫ్రేము కట్టించి భాస్కర్ గది గోడకి కొట్టాలి.

అరకు వ్యాపారి వరహాలరావు జీపేసుకుని వచ్చాడు. కంపెనీతో ఒప్పందం వదులుకుంటే సీళ్లు తీయిస్తాను, సంత రేటుకి మొత్తం ఎత్తేస్తాను అన్నాడు. మీ అన్నయ్య మెత్తబడ్డాడు. "ఇచ్చేద్దామే, వానలొస్తే ఏటి సేత్తాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు అమ్ముకుంటే మనది బూజు కాఫీయేనని మనమే ఒప్పుకున్నట్టు, ఆగితే మన మాట నెగ్గుతుంది అని సొసైటీ మీటింగులో నిలబడి చెప్పాను. ముందు నా వంక అదోలా చూశారు. అత్త నా పక్షం మాట్లాడేసరికి సరేనన్నారు.

నీతో దాపరికం ఎందుకు? మూటలు వెళ్లిపోతే ఇక అడిగేవాడుండడు. అవి షెడ్డులోనే ఉండాలి. కంపెనీ వాళ్లు వచ్చి, ఇన్ని ఊళ్ల కాఫీ ఒక్కసారిగా ఎలా చెడిపోయిందయ్యా అని వాడి పీక పట్టుకోవాలి. వాడు ఎన్ని రిపోర్టుల మీద సంతకాలు పెడితే నాకంత మంచిది. పెట్టనీ.

నీ వదిన,
కృపావతి


విశాఖపట్నం,
మే 8.

వదినా,

వేడి మార్చాను. యాసిడ్ మార్చాను. ఫిల్టర్లు మూడు రకాలు చూశాను. కాలమ్ గొట్టమే మార్చి చూశాను. ఆ పీకు అక్కడే ఉంది.

నువ్వు కోరుకున్నట్టు భాస్కర్ గారి పీక ఎవరూ పట్టుకోలేదు. ఆయన నా పీక పట్టుకున్నారు. మార్పిడి సరిగ్గా చేయలేదని నాకు మెమో ఇచ్చారు. ఈ నెలాఖరుకి తేల్చకపోతే ఉద్యోగం ఉండదట. రిపోర్టుల మీద సంతకాలు ఆయనవి, తప్పు నాది.

నిన్న అన్నయ్య అమ్మతో అరకు వచ్చి అక్కణ్నుంచి ఫోను చేశాడు. గాలివానకి షెడ్డు మీద రేకు లేచిపోయిందట, మూలనున్న మూటలు తడిశాయట. సీళ్లు విప్పి ఎండబెట్టడానికి లేదు. వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది, "బేగి తేల్చమని సెప్పరా గుంటకి" అని నన్నే అంటోంది.

నువ్వు మూడేళ్లు ఆ మిషనుతో కాపురం చేశావు. ఈ పీకు ఏమిటో నీకు తెలియకుండా ఉండదు. నేను రాసిన ప్రశ్నలకి నువ్వు రాసిన జవాబులు మళ్లీ చదివాను. అన్నీ సరైనవే. కానీ అన్నీ నాకు ముందే తెలిసినవి.

నీకు తెలుసు కదా వదినా? తెలిస్తే ఆ ముక్క రాసి పంపు. చెప్పడం ఇష్టం లేకపోతే కనీసం మూటలు వరహాలరావుకి ఇచ్చేయమని వాళ్లతో చెప్పు. ఈ రెండింట్లో ఏదో ఒకటి చెయ్యి.

ఏంజెలిన్


పనసగూడ,
మే 21.

ఏంజెలిన్‌కి,

తెలుసు.

పాత మిషనుకి నేను చేసిన మార్పు ఒకటి పద్ధతి కాగితాల్లో లేదు. రాద్దామనుకునేలోపే గెంటేశారు. ఆ మార్పు లేకపోతే మంచి కాఫీ కూడా బూజు కాఫీలా కనబడుతుందని నాకు జనవరిలోనే తెలుసు. నీ మొదటి ఉత్తరం చదువుతూనే తెలుసు.

ఎందుకు చెప్పలేదంటావా? విచారణ నివేదిక నాకూ ఒక ప్రతి ఇచ్చారమ్మా. ఆఖరి పేజీలో సాక్షి అని ఉన్నచోట నీ పేరు, కింద నీ సంతకం, గుండ్రటి అక్షరాలతో. ఆ ఆదివారం గుడి నుంచి మా ఇంటికొచ్చి కోడికూర తిన్నావు. రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. సోమవారం వెళ్లి సంతకం పెట్టావు. బుధవారం నా బల్ల ఖాళీ చేయించారు. నేను పెట్టె సర్దుకుంటుంటే వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి ఏడ్చావు కూడా.

మీ అన్నయ్యకి చెప్పలేదు. అత్తకీ చెప్పలేదు. చెబితే నలుగురూ కూర్చోబెట్టి ప్రార్థన చేయించి, ఒకరి చేత ఒకరికి అన్నం పెట్టించి కలిపేస్తారు. నాకు కలవాలని లేదు. నువ్వు సాయమడిగిన రోజు నా కడుపులో ఎంత చల్లగా ఉందో నీకు తెలియదు. వాడొక్కడే దొరుకుతాడనుకున్నాను. మీరిద్దరూ ఒకే దారిలో వచ్చారు.

వాన సంగతి నాకు చెప్పకు. రేకు లేచిన చోట మీ అన్నయ్య టార్పాలిన్ కట్టాడు. కొంప మునిగిపోదు.

నువ్వూ ఎమ్మెస్సీ చదివావు. వెతుక్కో.

కృపావతి


విశాఖపట్నం,
జులై 3.

కృపావతి వదినకి,

వెతుక్కున్నాను.

మెమో గడువు పెంచమని బతిమాలి పాత మిషనుని స్టోరులోంచి తీయించాను. పంపు సీళ్లు మార్పించి, పైపులన్నీ ఒక్కొక్కటీ విప్పి చూశాను. మిషనుతో వచ్చిన, నీళ్లూ ద్రావకమూ కలిపే చిన్న మిక్సరు తీసేసి, దాని చోట నువ్వు పెద్ద మిక్సరు బిగించావు. గీత వణక్కుండా ఉండాలని బిగించి ఉంటావు. అసలే ఆ పంపుకి లోపలి దారి పొడుగు. మన ఊరికి కొండ మీది ఊట నుంచి పైపులో నీళ్లొస్తాయి చూడు, పైన బురద కలిసినా మన కుళాయిలో ఎర్రనీళ్లు పడేసరికి చాలాసేపు పడుతుంది. ఇదీ అంతే. ద్రావకం పెంచమని కంప్యూటరు చెప్పిన చాలా నిమిషాలకి గానీ ఆ మార్పు నీ కాలమ్ దాకా చేరేది కాదు. ఆ నిమిషాలన్నీ కాఫీ మొదటి పాళ్ల నీళ్లలోనే మెల్లగా నడిచేది. ఆ నడకలోనే కాఫీ సొంత పదార్థం ఒకటి విషం నుంచి విడిపోయి పక్క పీకుగా నిలబడేది. కొత్త మిషనుకి ఆ ఆలస్యం లేదు. ద్రావకం వెంటనే వచ్చిపడుతుంది, రెండూ కలిసి ఒకే చోట లేస్తాయి. శుద్ధ ద్రావణంలో కాఫీ ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కొత్తదానిలో మొదట్లో కాసేపు పాళ్లు పెంచకుండా ఆపి ఉంచాను. విడిపోయాయి. ఒక్క వాక్యం వదినా. పోస్టుకార్డు మీద పట్టేది.

భాస్కర్‌కి చెప్పలేదు. ఈ ముక్క నీకు నచ్చుతుంది. కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన రవిబాబు గారి ముందు రెండు మిషన్లూ పక్కపక్కన నడిపాను. జనవరిలో సీలు వేసి దాచిన మన ఊరి నమూనాయే ఎక్కించాను. విషం లేదు. మిగతా ఊళ్లవీ అంతే. భాస్కర్ అక్కడే నిలబడి చూశాడు. "కాఫీతో పోల్చి చూడకుండా సంతకం ఎలా పెట్టారు?" అని రవిబాబు గారు అడిగితే మాట రాలేదు. మర్నాటి నుంచి రావడం లేదు. కొత్త రిపోర్టులో పద్ధతి తయారుచేసినది కృపావతి అని రాయించాను.

ఇక సంతకం సంగతి. పెట్టాను. నువ్వు అడుగు గీత చేత్తో గీయడం నేను చూశానా అని అడిగారు. చూశాను, చూశానన్నాను. అందరూ గీసేవాళ్లేనంటావు, నిజమే. నన్ను అందరి గురించి అడగలేదు. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. నీకు కోపం ఉంటే నా మొహం మీద అనాల్సింది. అమ్మ మూటల మీద కూర్చుని పగ తీర్చుకున్నావు, అది మాత్రం నేను మరవను.

మూటలు కదిలే ముందు వాటిలోంచి మళ్లీ నమూనా తీస్తారు. అది వాళ్ల రూలు.

ఏంజెలిన్


పనసగూడ,
జులై 16.

ఏంజెలిన్‌కి,

ఎర్రనీళ్ల పోలిక బాగుంది. నాకు తట్టలేదు.

నీ కోపం నీ దగ్గరే ఉంచుకో. నాకిప్పుడు దాన్ని పట్టించుకునే తీరిక లేదు. పాస్టరు ఎలీయేజరు గారు ఆదివారం గుడిలో నన్ను నిలబెట్టి, ల్యాబ్ వాళ్లు తమ తప్పు ఒప్పుకున్నారని, మన కృపావతి నిర్దోషి అని చెప్పారు. సంతలో నా వెనక అన్న మాట ఎవరిదో ఆరోజు తెలిసింది. మగ్దలేనమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని "తప్పయిపోనాది అమ్మా" అంది. పరవాలేదు అనలేదు నేను. ఊరికే చూశాను. ఆవిడే తల దించుకుంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

భాస్కర్‌కి మాట రాలేదని రాశావు కదా, ఆ చోటు రోజూ ఒకసారి చదువుకుంటున్నాను. మొహం ఎలా పెట్టాడో, చేతులెక్కడ పెట్టుకున్నాడో కూడా రాసి ఉండాల్సింది. అక్కడ నేనుండి చూడాల్సింది.

నమూనా తీసేవాళ్లు మొన్న ముసురులోనే వచ్చారు. సీళ్లు విప్పి మూటల్లోకి గొట్టం పొడిచి గింజలు తీశారు. అందులో ఫల్గుణ అని ఒకతను మూలనున్న మూటలో చెయ్యి పెట్టి, వాసన చూసుకుని, మళ్లీ సీలు వేశాడు. అత్త వాళ్లకి కాఫీ కాచి ఇచ్చింది. పాటలు కూడా పాడింది.

కృపావతి


విశాఖపట్నం,
జులై 30.

వదినా,

రిపోర్టు ఇందులో పెట్టాను. సొసైటీలో నువ్వే చదివి చెప్పాలి, వాళ్లకి ఈ గీతలు అర్థం కావు.

నీ పద్ధతి బాగా పని చేస్తోంది. పక్క పీకు పక్కకి విడిపోయింది. విషం పీకు దాని చోట అది విడిగా, స్పష్టంగా ఉంది. ఈసారి నిజంగా ఉంది. మూలనున్న మూటల్లోనే కాదు, దాదాపు అన్నింటిలోనూ. అనుమానం తీరక రెండు మిషన్ల మీదా చూశాను. జనవరి నమూనా మళ్లీ ఎక్కించాను, అది ఇప్పటికీ శుభ్రంగానే ఉంది.

కంపెనీ వాళ్లు తీసుకోరు. వరహాలరావుని నేనే అడిగాను. అతనూ వద్దన్నాడు.

ఏంజెలిన్


పనసగూడ,
ఆగస్టు 9.

ఏంజెలిన్‌కి,

చదివి చెప్పాను. షెడ్డు ముందు అందరూ చేరారు. నా పేరు నిలబడ్డాక ఊరు నా నోట విన్న మొదటి మాట ఇదే. ఎవరూ తగవు పడలేదు. ఇదివరకైతే మిషను తప్పు అనేవాళ్లు. ఇప్పుడు నేను చెప్పాను కాబట్టి నమ్మారు. మీ అన్నయ్య మూటలు నీళ్లు పారే గెడ్డ పక్కకి మోసుకెళ్లి గోతిలో పోయించాడు. గింజ నల్లబడి, పట్టుకుంటే పొడి రాలింది.

అత్త నిన్న పొయ్యి దగ్గర కూర్చుని అడిగింది. "మొదట్ల బాగానే ఉన్నాదని నువ్వే సెప్పినావు గదే కోడలా. మరి ఇన్నాళ్లు ఎవులు ఆపినారు?"

భాస్కర్ అన్నాను.

వాడే కదా. సంతకాలు వాడివి. కాఫీతో చూడనన్నది వాడు. పొరపాటు తెలిసీ చెప్పకపోవడం, పొరపాటు చేయడం ఒకటి కాదు. నువ్వూ ఇదే చెప్పు. ఇద్దరం ఒకే మాట మీద ఉంటే ఆవిడ వాణ్ని తిట్టుకుని నెమ్మదిస్తుంది. వాడు తిట్లు తినడానికి తగినవాడే. నిజం చెబితే ఆవిడకి పంటా ఉండదు, కోడలూ ఉండదు. ఆలోచించుకో.

నీ వదిన,
కృపావతి


విశాఖపట్నం,
ఆగస్టు 20.

ప్రేమగల అమ్మకి,

నీ కూతురు ఏంజెలిన్ వందనాలు. నువ్వు చదువుకోలేవు కాబట్టి ఈ ఉత్తరం వదిన నీ పక్కన కూర్చుని చదువుతుంది. ఇదే ఉత్తరం ఇంకో ప్రతి రాసి ఎలీయేజరు పాస్టరు గారికి పంపాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన కూడా నీకు చదివి వినిపిస్తారు. రెండు చదువులూ ఒకలాగే ఉన్నాయో లేదో జాగ్రత్తగా విను.

నువ్వు ఆరబెట్టిన గింజలో బూజు లేదమ్మా. జనవరిలో తీసి దాచిన నీ గింజ ఇప్పటికీ నా దగ్గర గాజుసీసాలో ఉంది, మంచిది. నీ చేతి పనిలో తప్పు లేదు. ఇది ఎవరేమన్నా నమ్ము.

మిషను తప్పు చెప్పింది. దాన్ని సరిచేయడం భాస్కర్‌కి చేతకాలేదు, నాకూ చాలా రోజులు చేతకాలేదు. ఆ తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి ఒకరే ఉన్నారు. జనవరి నుంచీ తెలుసు. ఒక్క వాక్యం రాస్తే మార్చిలో మూటలు కదిలిపోయేవి, వానకి ముందే. నేను బతిమాలాను. రాయలేదు. వరహాలరావు జీపేసుకొచ్చిన రోజు మిమ్మల్ని అమ్ముకోనివ్వనిదీ ఆ మనిషే. భాస్కర్ మీదా, నా మీదా పగ తీరేదాకా మూటలు షెడ్డులో ఉండాలి, అందుకు.

నా మీద పగకి కారణం ఉంది. విచారణలో నేను ఆ మనిషికి వ్యతిరేకంగా సాక్షి సంతకం చేశాను. ఆ మనిషే ఇప్పుడు నీకు ఇది చదివి వినిపిస్తోంది. నువ్వు నన్ను తిట్టాలంటే తిట్టు, నేను శనివారం బండికి వస్తున్నాను. కానీ గోతిలో పోసింది నీ ఏడాది కష్టం. దానికి జవాబు నీ పక్కనే ఉంది, విశాఖపట్నంలో లేదు.

వదినా, ఇక్కడిదాకా చదివావంటే ముందు అమ్మకి కాసిని మంచినీళ్లు ఇవ్వు. మిగతాది ఆవిడే అడుగుతుంది.

నీ కూతురు,
ఏంజెలిన్